నోరీన్ ఇంట్లో ఉన్న ఆదివారాలు

క్లిఫ్ టడ్‌వే చనిపోయిన మర్నాడు, గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు, అతని భార్య నోరీన్ ఒక సంచి పట్టుకుని లిఫ్టులోంచి దిగింది. సంచిలో అతని పైజమాలు, అల్లిక స్వెట్టర్, కళ్లజోడు, గడ్డం గీసుకునే సామాను, సగం ఖాళీ అయిన పిప్పరమెంట్ల పొట్లం ఉన్నాయి. నేను డ్యూటీకి బయలుదేరి తలుపు తాళం వేసుకుంటున్నాను.

"పోయాడు బాబూ," అంది. బస్సు వెళ్లిపోయింది అన్నంత మామూలుగా చెప్పింది.

నేను నోరు తెరిచేలోగా ఆమె తన ఫ్లాటు తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. రెండు నిమిషాలకు మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. సంచి ఇంకా చేతిలోనే ఉంది.

"ఒకసారి వచ్చి చూస్తావా? పడగ్గది కిందికొచ్చేసింది."

నిజంగానే వచ్చేసింది. మంచానికి పైన ఉండాల్సిన సీలింగ్ మంచం మీద ఉంది. తడిసిన ప్లాస్టర్ పెచ్చులు పెచ్చులుగా దుప్పటి మీద, తలగడల మీద, బట్టల బీరువా మీద పడి ఉంది. బీరువా తలుపు ఊడి వేలాడుతోంది. లోపల క్లిఫ్ ముదురు నీలం సూటు బూడిద రంగు బురదలో నానుతోంది. పై నుంచి ఇంకా చుక్క చుక్కగా నీళ్లు పడుతూనే ఉన్నాయి. నోరీన్ ఆ సూటును వేలితో ముట్టుకుని చూసి, వేలు కోటుకు తుడుచుకుంది. ఏడవలేదు, తిట్టలేదు. "టీ పెడతా, తాగి వెళ్తావా?" అని అడిగింది.

పెన్‌ఫోల్డ్ హౌస్‌లో నాలుగో అంతస్తులో పందొమ్మిదేళ్లుగా నేనూ ఆమే పక్కపక్క ఫ్లాట్లలో ఉంటున్నాం. నేను రైల్వే స్టేషన్లో గేటు దగ్గర పనిచేస్తాను. నోరీన్ ఇరవై రెండేళ్లు బడి పిల్లల్ని రోడ్డు దాటించింది. పసుపు పచ్చ కోటు వేసుకుని, గుండ్రటి పలక ఉన్న పొడుగాటి కర్ర పట్టుకుని పెద్ద రోడ్డు మధ్యలోకి నడిచిందంటే లారీలైనా ఆగాల్సిందే. ఆగని డ్రైవర్ల నంబర్లు చేతి మీద పెన్నుతో రాసుకునేది. క్లిఫ్ బస్సు డిపోలో మెకానిక్. ఇద్దరూ మొదట ఆ ఇళ్లు కట్టించిన మునిసిపల్ కౌన్సిల్‌కు అద్దె కట్టుకునేవాళ్లు. అద్దెకున్న ఫ్లాటును కొనుక్కోవచ్చని చట్టం వచ్చినప్పుడు, మా మెట్ల దారిలో అందరికంటే ముందు కొన్నది వాళ్లే. కొనడమంటే నూట పాతికేళ్ల లీజు. లోపల ఉండే హక్కు మనది, గోడలూ కప్పూ కౌన్సిల్‌వి. అందుకని బిల్డింగ్‌కు ఇన్సూరెన్స్ కౌన్సిలే చేయించి, లీజుదారుల దగ్గర వాళ్ల వంతు ఏటేటా వసూలు చేస్తుంది. క్లిఫ్ ఆ కాగితాలన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో దాచేవాడు. వాటిలో ఏముందో నోరీన్ ఎప్పుడూ చదవలేదు.

నీళ్లు కారింది పై ఫ్లాటు నుంచి. అక్కడ ఎఫువా ఒసేయ్ ఉంటుంది. కౌన్సిల్‌కు అద్దె కట్టే మనిషి, యాభై దాటిన ఘనా ఆడమనిషి, ఆఫీసుల్లో క్లీనింగ్ పని. ఆమెకూ నోరీన్‌కూ తొమ్మిదేళ్లుగా పడదు. కారణం రోకలి. ఎఫువా ప్రతి ఆదివారం మధ్యాహ్నం కర్ర పెండలం ఉడకబెట్టి, ఊరి నుంచి తెచ్చుకున్న రోట్లో వేసి ఫుఫు ముద్ద దంచుతుంది. ఆ దెబ్బలకు కింద నోరీన్ ఇంట్లో దీపం ఊగుతుంది. నోరీన్ చీపురు కర్ర తీసుకుని సీలింగ్‌ను మూడుసార్లు పొడుస్తుంది. పైన ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలవుతుంది.

"పిండి పొట్లాల్లో దొరుకుతుంది కదే, వేణ్ణీళ్లు పోసి కలుపుకోరాదూ!" అని నోరీన్ లిఫ్టులో అనేది.

"మీ బంగాళాదుంపలు కూడా పొడి చేసి పొట్లాల్లో అమ్ముతున్నారు మిసెస్ టడ్‌వే. మీరు తింటారా?" అని ఎఫువా అడిగేది.

ఆ గురువారం ఎఫువా పరుగున కిందికి వచ్చింది. స్నానపు తొట్టి వెనక పలకల చాటున కౌన్సిల్ వేసిన పైపు ఎప్పుడో చిట్లిందట. పలకలు విప్పితే గానీ కనబడదు. "నాకు నిజంగా తెలీదు మిసెస్ టడ్‌వే, దేవుడి మీద ఒట్టు," అంది. నోరీన్ ఆమెను చూసి, "పర్లేదమ్మా," అంది. ఎఫువా ఆ రోజు మెట్ల మీద నాతో అంది: "తిట్టలేదండీ ఆవిడ. తొమ్మిదేళ్లలో మొదటిసారి నన్ను అమ్మా అంది. నాకు వణుకొచ్చింది."

కౌన్సిల్ వాళ్లు పైపు బాగుచేసి, గోడలు ఆరడానికి గాలిలో తేమ లాగే యంత్రం ఒకటి పడగ్గదిలో పెట్టి వెళ్లారు. నోరీన్ ముందుగదిలో సోఫా మీద పడుకునేది. ఇంట్లో కూడా బయటికి వెళ్లే కోటు విప్పేది కాదు. యంత్రం కింద డబ్బాలో నీళ్లు చేరేవి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ నీళ్లు పారబోయడమే ఆమె పని. అంత్యక్రియల వాళ్లు క్లిఫ్‌కు వేసే బట్టలు అడిగితే, సంచిలో ఉన్న అల్లిక స్వెట్టర్ ఇచ్చేసింది. "సూటు మంచిది కదా, శుభ్రం చేయిద్దామా?" అన్నాను. "ఆయనకు సూటంటే చిరాకే," అంది. డిసెంబరు రెండో వారంలో దహనం అయింది. పదిహేనుమందిమి వెళ్లాం. అందరితో చేతులు కలిపి, అందరికీ థాంక్స్ చెప్పి, ఇంటికి వచ్చి డబ్బాలో నీళ్లు పారబోసింది.

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం అంచనా వేయడానికి ప్లాస్కిట్ అనే ఆయన వచ్చాడు. ఆమె రమ్మంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. మెత్తగా మాట్లాడే సన్నటి మనిషి. బూట్లు గుమ్మంలో విప్పబోతే నోరీన్ వద్దంది.

"ముందు ఒక మాట మిసెస్ టడ్‌వే," అన్నాడు. "ఈ పాలసీ బిల్డింగ్‌కు. సామానుకు కాదు. సామానుకు విడిగా ఏమైనా తీసుకున్నారా?"

"తెలీదు. ఆయన్నడగాలి," అంది. తర్వాత, "లేదనుకుంటా," అంది.

"తేలిగ్గా చెప్తాను. మీ ఫ్లాటును తలకిందులు చేసి కుదిపామనుకోండి. కింద పడేవన్నీ సామాను. పడకుండా అతుక్కుని ఉండేది బిల్డింగ్. మేం చూసేది అతుక్కుని ఉండేవాటినే."

నోరీన్ పడగ్గది వైపు చూసింది. "సీలింగ్ పడిపోయింది కదా. మరి అది సామానా?"

ప్లాస్కిట్ తడబడ్డాడు. "కాదు కాదు. అది... పడకూడనిది పడింది."

"ఓహో."

మంచం, బీరువా, బట్టలు రావని చెప్పాడు. సీలింగ్, గోడలు, నేల చెక్కలు వస్తాయన్నాడు. ఆమె తల ఊపుతూనే ఉంది. ఆఖర్న కాగితం మీద ఏదో టిక్కు పెట్టబోతూ, అలవాటుగా అడిగినట్టు అడిగాడు: "ఈ లీకు మొదలయ్యే ముందు మీరు ఇంట్లో చివరిసారి ఎప్పుడున్నారు?"

"అక్టోబరు మొదట్లో," అంది నోరీన్. "క్లిఫ్‌ను హాస్పిస్‌కు తీసుకెళ్లాం. ఇంక మందులు పనిచేయనివాళ్లను ఉంచే చోటు. బస్సులో గంటన్నర. ఆయన మంచం పక్కన కుర్చీలోనే పడుకున్నా. ఆయన పోయాకే వచ్చా."

"మధ్యలో ఎప్పుడూ రాలేదా?"

"గుర్తులేదు. లేదనుకుంటా."

ఆయన పెన్ను ఆగింది. నా వైపు చూశాడు. నాకేం తెలుసు? శని ఆదివారాలు నాకు డ్యూటీ. మిగతా రోజుల్లో ఆమె తలుపు మూసే ఉండేది. ప్లాస్కిట్ రాసుకుని వెళ్లాడు.

క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు ఉత్తరం వచ్చింది. ఫ్లాటులో వరసగా ముప్పై రోజులకు మించి ఎవరూ లేనప్పుడు నీటివల్ల జరిగే నష్టం పాలసీ కిందికి రాదట. మీరే చెప్పిన ప్రకారం ఏడు వారాలు ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి క్లెయిము ఒప్పుకోలేమని, విచారిస్తున్నామని రాశారు. నోరీన్ నాకు ఇచ్చి చదవమంది. నేను చదివాను.

"అయితే ఏంటి?" అంది.

"సీలింగ్ మీ సొంత ఖర్చుతో వేయించుకోవాలంటున్నారు."

"సరే."

"సరే ఏంటి నోరీన్? అప్పీలు చేద్దాం."

"వాళ్లు చెప్పింది నిజమేగా బాబూ. నేను లేనుగా." ఉత్తరం బిస్కట్ల డబ్బాలో పెట్టి మూత నొక్కింది. కొత్త సంవత్సరం వచ్చాక కౌన్సిల్ వాళ్లు తేమ లాగే యంత్రాన్ని తీసుకుపోయారు. ఆ రోజు సాయంత్రం ఆమె నా తలుపు తట్టింది. ఏమన్నా కావాలా అంటే ఏమీ వద్దంది. వరండాలో కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

జనవరిలో ఒక రోజు లిఫ్టులో ఎఫువా అడిగింది, సీలింగ్ ఎప్పుడు వేస్తున్నారని. వేయరన్నాను, కారణం చెప్పాను. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగింది. ఆమె తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంట్లో లేదా? ఎవరు చెప్పారు?"

"ఆమే చెప్పింది."

"ఆవిడ లేకపోతే మరి ప్రతి ఆదివారం నా కాళ్ల కింద చీపురుతో పొడిచింది దెయ్యమా?"

దిగబోయినవాణ్ణి మళ్లీ లిఫ్టులోకి జరిగాను.

"ఇంకో సంగతండీ," అని గొంతు తగ్గించింది. "నా దగ్గర రాసి ఉంది."

సెప్టెంబరులో ఒకసారి ఇద్దరికీ గట్టి గొడవైంది. ఎఫువా హౌసింగ్ ఆఫీసుకు వెళ్లి కింద ఫ్లాటు మీద ఫిర్యాదు చేసింది. వాళ్లు మామూలుగా ఇచ్చే ఫారాలు చేతిలో పెట్టారు. పొరుగువాళ్ల వల్ల ఇబ్బంది కలిగినప్పుడల్లా తేదీ, టైము, ఏం జరిగింది, దాని వల్ల మీకేమైంది అని రాసి రెండు నెలల తర్వాత తెచ్చివ్వమన్నారు. ఎఫువా వదలకుండా రాసింది. తీసుకెళ్లి ఇవ్వలేదు.

"ఎందుకివ్వలేదు?"

"ఆఖరి కాగితం చూస్తే మీకే తెలుస్తుంది." చెయ్యి ఇంకా తలుపుకు అడ్డంగానే ఉంది. లిఫ్టు గంట మోగుతోంది. "కానీ ఇవి బయటపెడితే నాకేమవుతుంది? ప్రతి ఆదివారం దంచుతున్నానని నా చేత్తో నేనే రాసిచ్చినట్టు కదా? పైపు కూడా నా మీద తోసేస్తే? నాది అద్దె ఇల్లండీ."

ఏమవుతుందో నాకూ తెలీదన్నాను. ఆమె పైకి వెళ్లిపోయింది. రెండు రోజులకు ఒక ప్లాస్టిక్ కవరు నా తలుపు కింది నుంచి లోపలికి వచ్చింది. అందులో ఆరు కాగితాలు.

నేను ఉత్తరం రాసి వాటి నకళ్లు జోడించి పంపాను. పది రోజుల్లో ప్లాస్కిట్ మళ్లీ వచ్చాడు. ఈసారి నోరీన్ ముందుగదిలో నలుగురం ఉన్నాం. ఎఫువా చర్చికి వేసుకునే బట్టలు వేసుకుని, చేతి సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది. ఎందుకొచ్చామో నోరీన్‌కు చెప్పాను గానీ ఎంతవరకు ఎక్కిందో తెలియదు. సోఫాలో కోటుతోనే ఉంది.

"మిసెస్ ఒసేయ్, వీటిని మీరే చదువుతారా?" అన్నాడు ప్లాస్కిట్.

ఎఫువా కళ్లజోడు పెట్టుకుంది. ముందు గొంతు గట్టిగానే ఉంది. "అక్టోబరు తొమ్మిది, ఆదివారం. రెండూ పది. కింద నుంచి మూడు దెబ్బలు, గట్టిగా. మీకేమైంది: ఉలిక్కిపడి వేలు రోకలి కింద పెట్టుకున్నాను. అక్టోబరు పదహారు. రెండున్నర. మూడు దెబ్బలు. తర్వాత కిటికీలోంచి 'ఆపవే తల్లీ' అని అరుపు. మీకేమైంది: చాలా కోపం."

నేను నవ్వు ఆపుకున్నాను. నోరీన్ కాగితం వైపే చూస్తోంది.

"అక్టోబరు ఇరవై మూడు. రెండు దెబ్బలు. ముప్పై. ఒకటే దెబ్బ, మెల్లగా. వాషింగ్ మెషిన్ చప్పుడు. మీకేమైంది: పెద్దగా ఏం లేదు. నవంబరు ఆరు. ఒకటే. చీపురు జారి తగిలిందేమో అనుకున్నాను."

అక్కడ ఆగిపోయింది. "ఇది కూడా చదవాలా?" అని నోరీన్‌ను అడిగింది.

"చదువు."

"నవంబరు పదమూడు. రెండు గంటలు. దెబ్బల్లేవు. బాత్రూం గొట్టంలోంచి ఏడుపు. చాలాసేపు. నేను దంచడం ఆపేశాను." ఎఫువా కళ్లజోడు తీసేసింది. ఆఖరి గడి చూడకుండానే చెప్పింది. "మీకేమైంది: ఆ రోజు ఫుఫు తినలేదు."

కింద రోడ్డు మీద చెత్త బండి వెనక్కి తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"మిసెస్ టడ్‌వే," అన్నాడు ప్లాస్కిట్, "ఇవి నిజమేనా? ఆ రోజుల్లో మీరు ఇక్కడ ఉన్నారా?"

ఉన్నానని చెప్పు నోరీన్, ఒక్క మాట చెప్పు అని నేను లోపల అనుకుంటున్నాను. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నాకు గుర్తులేదండీ," అంది.

"ఆవిడకు గుర్తులేకపోతే నాకుంది!" ఎఫువా గొంతు లేచింది. "భర్త పైజమాలు ఉతకడానికి వచ్చేది. ఆ నెలంతా మా బాల్కనీ కింద తీగ మీద మగవాళ్ల పైజమాలు ఆరేసి ఉండేవి. నేను చూడలేదా? వయసైపోయిన మనిషి గంటన్నర బస్సులో కూర్చుని వచ్చి, బట్టలు ఉతుక్కుని, నాతో పోట్లాడి, మళ్లీ గంటన్నర బస్సులో వెళ్లేది. ఇల్లు ఖాళీ అని ఎలా అంటారండీ?"

నోరీన్ ఆమె వైపు తిరిగింది. "అది నేనేనా? గొట్టంలో?"

"ఇంకెవరు?"

"చాలాసేపా?"

"చాలాసేపు."

"అయితే అప్పుడే ఏడ్చేశానన్నమాట," అంది నోరీన్. వెతుకుతున్న తాళంచెవి ఎక్కడుందో ఎవరో చెప్తే అన్నట్టుగా అంది. అంత్యక్రియల్లో తన కంట నీళ్లు రాలేదని ఆమె ఎవరితోనూ అనలేదు. కానీ అది ఆమెను తొలుస్తోందని నాకు అప్పుడే అర్థమైంది.

ప్లాస్కిట్ కాగితాలు సర్దుకున్నాడు. హాస్పిస్‌లో వచ్చేపోయేవాళ్లు సంతకం పెట్టే పుస్తకం ఉంటుందా అని అడిగాడు. ఉంటుందంది నోరీన్. గుమ్మం దగ్గర ఎఫువా ఆయన్ను ఆపింది. "అయ్యా, నా దంచుడు సంగతి..."

"నాకు పైకప్పులతోనే పనమ్మా," అన్నాడు ఆయన. "పైపు కౌన్సిల్‌ది. వంటలు నాకు సంబంధం లేదు."

హాస్పిస్ పుస్తకంలో ఆరు ఆదివారాలూ ఆమె సంతకం ఉంది. ఉదయం పది గంటలకు బయటికి, సాయంత్రం ఆరింటికి లోపలికి. ఆఖరి ఆదివారం, నవంబరు ఇరవైన, ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు. అంటే ఇల్లు ఖాళీగా ఉన్నది పదకొండు రోజులే. ఫిబ్రవరి మొదటి వారంలో క్లెయిము ఒప్పుకున్నామని ఉత్తరం వచ్చింది. పని జరిగినన్నాళ్లు ఆమె వేరే చోట ఉండే ఖర్చు కూడా పాలసీలోనే ఉందట. ఆ సంగతి అంతవరకు మాలో ఎవరికీ తెలియదు. పెద్ద రోడ్డు మీద ఒక చిన్న లాడ్జిలో ఆరు వారాలు ఉంది. చూడటానికి వెళ్తే కిటికీ దగ్గర కూర్చుని ఉండేది. "పొద్దున్నే వేయించిన గుడ్లు పెడతారు బాబూ," అనేది. "బాగుంటాయా?" అంటే, "వేడిగా ఉంటాయి," అనేది.

మధ్యలో ఒకసారి ఎఫువా వేరుసెనగ పులుసు గిన్నెలో పోసుకుని తీసుకెళ్లింది. వాళ్లిద్దరూ స్నేహితులైపోయారని చెప్పను. ఆ గిన్నె తిరిగి ఇవ్వలేదని ఎఫువా నాతో రెండుసార్లు సణిగింది. కానీ ఆ ఆరు ఆదివారాల సంగతి నోరీన్ ఆమెను మళ్లీ మళ్లీ అడిగేదట. ఆ రోజు నేను ఏం కోటు వేసుకున్నాను, లిఫ్టులో ఎదురుపడ్డానా, ఏమన్నాను అని. ఎఫువా తెలిసింది చెప్పేది. తెలియనిది తెలియదనేది.

మార్చి చివర్లో ఆమె ఇంటికి వచ్చింది. కొత్త సీలింగ్ తెల్లగా, చదునుగా ఉంది. మేస్త్రీ గోడలకు ఏ రంగు వేయమంటారని అడిగితే ఏదైనా పర్లేదందట. ఆయన లేత పసుపు వేశాడు. మంచం కొత్తది, ఇన్సూరెన్స్‌లో రానిది. నేనూ, మా స్టేషన్లో ఇంకొకతనూ మోసుకొచ్చి బిగించాం. ఒంటరి మంచం చాలంది.

ఏప్రిల్లో కౌన్సిల్ నుంచి ఆ ఏడాది ఇన్సూరెన్స్ నోటీసు వచ్చింది. పైన మిస్టర్ సి. టడ్‌వే, మిసెస్ ఎన్. టడ్‌వే అని ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆమె నన్ను పిలిచి, ఫోన్ స్పీకర్లో పెట్టి లీజుదారుల ఆఫీసుకు చేసింది. అవతల ఒక పడుచుపిల్ల గొంతు.

"మొదటి పేరు మిస్టర్ టడ్‌వేది అండీ. పేరు మార్చాలంటే ఆయన్ని ఒకసారి లైన్లోకి పిలుస్తారా?"

"రాడమ్మా. చనిపోయాడు. అందుకే చేశా."

"అయ్యో, సారీ అండీ. సారీ. ఎప్పుడు?"

"నవంబరు ఇరవై మూడు. బుధవారం. పొద్దున ఆరుంబావు. నేను పక్కనే ఉన్నా," అంది నోరీన్. ఆ పిల్ల టైము అడగలేదు, పక్కన ఎవరున్నారనీ అడగలేదు.

ఫారం పోస్టులో వచ్చింది. నోరీన్ బల్ల దగ్గర కూర్చుని తానే నింపింది. ఇప్పుడు ఫ్లాటులో ఎంతమంది ఉంటున్నారన్న గడిలో ఒకటి వేసింది. మరణ ధ్రువపత్రం నకలు మడిచి కవరులో పెట్టింది. నేను స్టేషన్ దగ్గర డబ్బాలో వేస్తానంటే, వద్దు, నేనే వెళ్తానంది.

ఆ మధ్యాహ్నం ఆమె ఉత్తరం వేసి వెంటనే ఇంటికి రాలేదు. నది ఒడ్డు దాకా నడిచిందట, అక్కడ బెంచీ మీద గంటసేపు కూర్చుందట. మర్నాడు పొద్దున వరండాలో కనబడితే చెప్పింది. నవంబరు నుంచి ఆమె తనకు చలేస్తోందని గానీ నొప్పిగా ఉందని గానీ అనగా నేను వినలేదు.

"గాలి ఎంత చల్లగా ఉందో బాబూ. చెవులు నొప్పి పుట్టాయి," అంది, రెండు చేతులతో చెవులు పట్టుకుని చూసుకుంటూ.